ఏటే పిట్ట

మా జీడితోట కింద గెడ్డలో, అంటే కొండవాగులో, ఒక పిట్ట ఉంది. పిచ్చుకంత కూడా ఉండదు. వీపు నీలం, మెడ కింద నుంచి రొమ్ము దాకా పండిన జీడిపండు రంగు. కొండ నీడలో, నీళ్ళ పక్క పొదల్లోనే ఉంటుంది, ఊళ్ళోకి రాదు. అటవీశాఖలో పనిచేసే వినోద్ దానికి ఇంగ్లీషు పేరేదో చెప్పాడు గానీ అది నా నోట తిరగలేదు. తిప్పాలని నేనూ ప్రయత్నించలేదు. మాకు అది ఏటే పిట్ట. ఆకుల చాటున కూర్చుని "ఏ... టే" అంటుంది. మొదటి అక్షరం సాగదీసి రెండోది పైకెత్తి, పనిలో ఉన్న ఆడపిల్లని తల్లి పిలిస్తే కాస్త విసుగ్గా పలికినట్టు ఉంటుంది ఆ కూత.

మా వైపు మాట తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. ఏటి అంటే ఏమిటి. ఏటే అంటే ఏమిటే. ఏటీ నేదు అంటే ఏమీ లేదు. చెల్లెల్నైనా, కూతుర్నైనా, కన్నతల్లినైనా ఏటే అనే అంటాం. రాజమండ్రి నుంచి వచ్చిన టీచరమ్మ ఒకావిడ మా పిల్లలు తల్లుల్ని "ఏటే" అంటుంటే చెవులు మూసుకునేది. మూసుకుంటే మూసుకుంది, మాకేం నష్టం. పిలిచిన వాళ్ళకి "ఏటే" అని పలకడం, పిలవడానికి కారణం లేకపోతే "ఏటీ నేదు" అనడం, మా ఇళ్ళల్లో పొద్దుటి నుంచి పడుకునే దాకా ఇదే.

మా తోటికోడలు జగ్గమ్మ బతుకు ఈ రెండు మాటల మధ్య ఇరుక్కుపోయింది. నా పేరు తాతమ్మ, ఆవిడ మరిది భార్యని, ఆవిడని అప్పా అని, అంటే అక్కా అని పిలుస్తాను. ఊళ్ళో అంగన్‌వాడీలో ఆయాని. నా నోట్లో నువ్వుగింజ నానదని అందరూ అంటారు, నిజమే కాబట్టి నేనెప్పుడూ కాదనలేదు. ఈ సంగతి మాత్రం చాలాకాలం నానబెట్టాను.

పాతపట్నం దాటి ఒడిశా కొండల వైపు వెళ్తే మా ఊరు. కింద వరి, పైన జీడి. జగ్గమ్మది గజపతినగరం దగ్గర మెట్ట ఊరు. పెళ్ళై వచ్చిన కొత్తలో కొండంటే ఆవిడకి భయం. ఆ భయానికి విరుగుడు గొంతే. తోటలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఎవరినో ఒకరిని పేరు పెట్టి పిలుస్తూనే ఉండేది, వాళ్ళు పలికితే గానీ పని సాగేది కాదు. ఆవిడ మొగుడు, అంటే మా బావగారు జగన్నాధం, ఆవిడకి పూర్తిగా వ్యతిరేకం. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆయన దగ్గర మిగిలిపోయిన మాటలన్నీ పెళ్ళానికి ఇచ్చేశాడని మా అత్తగారు నవ్వేది.

అలాంటి గొంతున్న మనిషికి గొంతు లేని పిల్ల పుట్టింది. పెద్దాడు నరేష్ పుట్టినప్పుడు వీధి చివరి దాకా వినబడేలా ఏడ్చాడు. ఈశ్వరి పుట్టినప్పుడు నేను గదిలోనే ఉన్నాను. పిల్ల నోరు తెరిచింది, ముఖం కందగడ్డలా ఎర్రబడింది, కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. చప్పుడు మాత్రం రాలేదు. విశాఖ తీసుకెళ్ళి చూపించారు. చెవులు బాగున్నాయి, తెలివి బాగుంది, గొంతులో నరం పనిచేయదు, ఇక మాట రాదని చెప్పారు. తల్లి ఇద్దరి గొంతూ తనే మింగీసిందని బోరింగు దగ్గర ఒకామె హాస్యమాడింది. ఆ రోజు నేను ఆమె బిందె ఎత్తి బురదలో పారేశాను. ఇప్పటికీ ఆమెకీ నాకూ మాటల్లేవు.

జగ్గమ్మ బాధ పిల్లకి మాట రాదని కాదు, పిల్ల పలకదని. మాట లేకపోయినా ఈశ్వరి కళ్ళతోనూ చేతులతోనూ అన్నీ చెప్పేది, ఎదటివాళ్ళ వెక్కిరింతకి జవాబు కూడా చెప్పేది. కానీ తోటలో చెట్టు చాటుకి వెళ్ళిందంటే ఇక ఉన్నట్టో లేనట్టో తెలిసేది కాదు. "ఈసరీ" అని అరిచి, జవాబు రాక, జగ్గమ్మ చెట్టుచెట్టూ వెతికేది. పిల్ల ఏ పుట్ట పక్కనో చీమల్ని చూస్తూ కూర్చుని ఉండేది. దొరకగానే ముందు వీపు మీద రెండు దెబ్బలు, తర్వాత ఒళ్ళోకి లాక్కుని ఏడుపు. కాళ్ళకి గజ్జెలు కట్టింది. బళ్ళో పిల్లలు గంటల మేక అని ఏడిపిస్తే ఈశ్వరి వాటిని విప్పి గెడ్డలో పారేసింది.

ఆ గజ్జెలు పోయిన ఎండాకాలమే అది జరిగింది. జగ్గమ్మ జీడిపిక్కలు ఏరుతూ ఎప్పటిలాగే "ఈసరీ" అని కేకేసింది. పొదలోంచి "ఏ... టే" అని వినబడింది. పాడు పిట్ట, నిన్ను కాదు పిలిసింది అని జగ్గమ్మ తిట్టుకుని మళ్ళీ పిలిచింది. మళ్ళీ "ఏ... టే". మూడోసారి పిలిస్తే పొద కదిలింది. ఈశ్వరి బయటికి దూకి, పెదాలు సున్నాలా చుట్టి, తల్లి ముఖంలోకి చూస్తూ ఈల వేసింది. "ఏ... టే."

జగ్గమ్మ చేతిలో తట్ట జారిపోయింది. ఆ పిల్ల ఎన్నాళ్ళు ఆ గెడ్డ పక్కన కూర్చుని ఆ పిట్ట దగ్గర నేర్చుకుందో మాకెవరికీ తెలీదు. ఆ సాయంత్రం జగ్గమ్మ ఇంటింటికీ తిరిగి బెల్లం ముక్క పంచింది. నా కూతురు పలికిందని చెప్పింది. చాలామంది నవ్వారు. నేను రెండు ముక్కలు తీసుకున్నాను.

అప్పటి నుంచి తోటలో వాళ్ళిద్దరిదీ ఒకటే పాట. జగ్గమ్మ "ఈసరీ" అంటుంది. ఎక్కడి నుంచో "ఏ... టే" అని వస్తుంది. జగ్గమ్మ "ఏటీ నేదు, ఉన్నావా అని" అంటుంది. మళ్ళీ కాసేపటికి అదే. వినేవాళ్ళకి చెవులు నొప్పెట్టేవి. పిట్ట కొంచెం కూత ఘనం అని నేను ఈశ్వరిని ఏడిపిస్తే నా జడ పట్టుకు లాగేది. అసలు పిట్టకీ దానికీ పెద్ద పోటీ. పిల్ల ఈల వేస్తే తన జాగాలోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని అది దగ్గరి కొమ్మ మీదికొచ్చి రెక్కలు విదిలించి దెబ్బలాటకి దిగేది. ఈశ్వరి భుజాలు కుదిపేసుకుంటూ చప్పుడు లేకుండా నవ్వేది.

పిల్ల పెరిగింది, పది పాసైంది, గోళ్ళరంగు వేసుకుంది, సెల్లు కొనుక్కుంది. నరేష్ విశాఖలో ఒక కంపెనీలో ఫిట్టరుగా చేరాక వాడికి వాట్సాప్‌లో ఈల పంపేది. వాడు డ్యూటీలో ఉండి వింటే పక్కవాళ్ళు, మీ ఇంట్లో పిట్టల్ని పెంచుతారా అని అడిగేవారట. అన్నకి పంపే ఈల, అమ్మకి పలికే ఈల, నన్ను వెక్కిరించే ఈల అన్నీ ఒకటే. దానికి వచ్చిన మాట అదొక్కటే మరి.

ఇక్కడే అసలు సంగతి ఉంది. పిట్ట ఊరికే కూసినా జగ్గమ్మ ఆ అలవాటు మీద "ఏటీ నేదే" అనేసేది. పని ఆపేది కాదు, తలెత్తేది కాదు. పిట్టకీ పిల్లకీ ఒకటే జవాబు. ఏది ఎవరో తెలుసుకోవలసిన అవసరం ఒక్కరోజు కూడా రాలేదు.

రెండేళ్ళ కిందటి వేసవి చివర గాలీ వానా వచ్చాయి. పొద్దున్న వెళ్ళేసరికి తోట నిండా పళ్ళు రాలిపోయి ఉన్నాయి, కంచె ఒక పక్క పడిపోయింది. పశువులు దూరకముందే కంప కొట్టి తెచ్చి కంచె మూయాలి. బావగారు గోనెసంచుల కోసం పాతపట్నం వెళ్ళారు. జగ్గమ్మా నేనూ చెట్టు కింద కూర్చుని పళ్ళ నుంచి పిక్కలు తిప్పి తీస్తున్నాం. ఈశ్వరి కత్తి తీసుకుని గెడ్డలోకి దిగింది. వెళ్తూ తల్లి బుగ్గ మీద జీడిపండు రసం పూసింది. ఒళ్ళో పిల్లలుండాల్సిన వయసు నీది, ఇంకా ఆటలేటే అని జగ్గమ్మ విసుక్కుంటూ కొంగుతో తుడుచుకుంది.

గెడ్డలో సెల్లు పలకదు, అక్కడ సిగ్నల్ లేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, అందరూ అదే అడుగుతారు గనక.

మేం కబుర్లలో ఉన్నాం. నేనే మాట్లాడుతున్నాను, మా సూపర్‌వైజరుతో పడిన గొడవ గురించి. కింద నుంచి "ఏ... టే" అని వినబడింది. జగ్గమ్మ పిక్క తిప్పుతూనే "ఏటీ నేదే" అంది. కాసేపటికి మళ్ళీ వినబడింది. జగ్గమ్మ నవ్వింది.

"ఈ పిట్టకి ఈవేళ పనీ పాటా నేదు" అంది.

పక్కనే ఉన్న నాకూ ఏ అనుమానం రాలేదు. వాన వెలిసిన పొద్దున్న పిట్టలన్నీ కూస్తూనే ఉన్నాయి. మూడోసారి వినబడ్డప్పుడు జగ్గమ్మ గెడ్డ వైపు తిరిగి, తన ఆ పెద్ద గొంతుతో, కింద దాకా వినబడేలా అరిచింది.

"ఏటీ నేదు, ఏటీ నేదు."

ఆ తర్వాత వినబడలేదు.

ఎండ నడినెత్తికొచ్చింది. జగ్గమ్మ కేరేజీ విప్పి, "ఈసరీ, బువ్వకి రా" అని పిలిచింది. వెంటనే "ఏ... టే" అని జవాబు వచ్చింది. వస్తాదిలే అని కంచాలు పెట్టింది. అది పిట్ట. పొద్దున్న పిల్లని పిట్ట అనుకున్నాం, ఇప్పుడు పిట్టని పిల్ల అనుకున్నాం. బువ్వ చల్లారే దాకా చూశాం. జగ్గమ్మ మళ్ళీ పిలిస్తే ఈసారి ఏదీ పలకలేదు. అప్పుడు లేచాం.

వానకి నానిన బండ మీద కాలు జారింది. చేతిలో కత్తి తొడలో దిగబడింది. చున్నీ విప్పి తొడ పైన తనే గట్టిగా రెండు ముళ్ళు వేసుకుంది పిల్ల. తోట వైపు ముఖం పెట్టి బండకి ఆనుకుని ఉంది. మేం వెళ్ళేసరికి ఒళ్ళు వెచ్చగానే ఉంది గానీ ప్రాణం లేదు. ఆసుపత్రిలో డాక్టరు మంచివాడు, మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ కట్టు చూసి, చాలాసేపు తెలివితోనే ఉందమ్మా, ఎవరైనా పక్కన ఉంటే బతికేది అన్నాడు. ఓదార్పుకే అన్నాడేమో, నాకు తెలీదు. ఆ మాట జగ్గమ్మ విన్నది.

దహనం అయ్యాక ఇంటికొచ్చి అందరూ కూర్చున్నారు. జగ్గమ్మ ఏడవడం లేదు. నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది.

"తాతమ్మా, మొదటిపాలి కూసింది పిట్టా, పిల్లా?"

"పిట్టే అప్పా" అన్నాను.

"మూడూ పిట్టేనంటావా?"

ఆవిడ పట్టుకున్న చెయ్యి విడిపించుకోబోయాను.

"నా పిల్ల ఏటే అంటే" అంది జగ్గమ్మ, "నేను ఏటీ నేదన్నాను."

ఆ మాట అన్నాకే ఆవిడకి ఏడుపొచ్చింది. ఆ గొంతుతో ఏడిస్తే ఎలా ఉంటుందో మా వీధికి ఆ రోజు తెలిసింది.

ఆ ఇంట్లో "ఏటీ నేదు" అనే మాట అప్పటితో పోయింది. ఎవరూ వద్దని చెప్పలేదు. ఎవరైనా ఏటి అని అడిగితే, కారణం లేకపోయినా ఏదో ఒకటి కల్పించి చెప్పేవాళ్ళం. మంచినీళ్ళు కావాలనో, తలుపు వేయమనో. మా చిన్న పిల్లలకి కూడా అదే అలవాటైపోయింది.

పది రోజులూ గడిచాక జగ్గమ్మ తోటకి వచ్చింది. వద్దంటే వినలేదు. పిట్ట కూసింది. చేతిలో పని వదిలేసి "వస్తన్నానే" అంటూ గెడ్డలోకి పరిగెత్తింది. పిచ్చిదానిలా కాదు. ఎవరో పిలిస్తే వెళ్ళినట్టే వెళ్ళింది, బండ దాకా దిగి నాలుగు పక్కలా చూసి, ఎవరూ లేరని తేలాక పైకొచ్చి మళ్ళీ పనిలో కూర్చుంది. మళ్ళీ కూసింది. మళ్ళీ వెళ్ళింది. అన్నం ముందు కూర్చున్నా అంతే, చేతికి అంటిన మెతుకులతోనే వెళ్ళేది. ఎండలో అంతే, వానలో అంతే.

ఊళ్ళో నోళ్ళు ఊరుకుంటాయా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు కదలని మనిషి ఇప్పుడు పరిగెడితే ఏం లాభం అన్నారు. అన్నవాళ్ళందరితోనూ నేను దెబ్బలాడాను. దెబ్బలాడి ఇంటికొచ్చి నేనూ అదే మాట జగ్గమ్మతో అన్నాను, వేరే మాటల్లో. అది పిట్ట అప్పా, పిట్టకి తల్లి లేదు, దానికోసం నువ్వెందుకు దిగడం అని పోట్లాడాను. ఆవిడ వినేది, తలూపేది, పిట్ట కూస్తే లేచేది. ఆ మొదటి వానాకాలంలోనే జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. కూతురు పోయిన బండ మీదే తల్లి కూడా పోతుందని మాకందరికీ ఒకటే భయం.

నరేష్ సెలవు పెట్టి వచ్చాడు. వాడు తెలివైనవాడు, ఒక ఉపాయం ఆలోచించాడు. చెల్లెలు పంపిన ఈలలన్నీ వాడి సెల్లులో ఉన్నాయి. గెడ్డ దగ్గర కూర్చుని పిట్ట కూతలు కూడా రికార్డు చేశాడు. రెండూ వినిపిస్తే తేడా అమ్మకే తెలుస్తుంది, తెలిస్తే ఇక వెళ్ళదు అన్నాడు. నాకూ బాగానే ఉందనిపించింది. చెల్లెలి గొంతు అన్నకి తెలియదా.

తల్లిని అరుగు మీద కూర్చోబెట్టి ఒకటి వినిపించాడు. ఇది చెల్లి అన్నాడు. ఇంకోటి వినిపించి ఇది పిట్ట అన్నాడు. జగ్గమ్మ కళ్ళు మూసుకుని విన్నది. సెల్లు ఇమ్మని తీసుకుని, వరస తెలియకుండా తన వేలితో ఏదో ఒకటి నొక్కింది. "ఏ... టే" అంది సెల్లు.

"ఇది ఎవులు?" అని అడిగింది.

నరేష్ తెర మీదికి వంగాడు. జగ్గమ్మ చేత్తో తెర మూసేసింది.

"సూసి కాదురా. ఇని సెప్పు."

వాడు ఇంకోసారి నొక్కమన్నాడు. ఇంకోసారి. చెల్లి అన్నాడు, కాదు పిట్ట అన్నాడు, మళ్ళీ చెల్లి అన్నాడు. చివరికి సెల్లు తీసుకుని చూసుకున్నాడు. పిట్టే. తప్పు చెప్పాడు. చెల్లెలు పోయినప్పుడు ఏడవకుండా పనులన్నీ చూసుకున్న పిల్లాడు, ఆ అరుగు మీద తల్లి ఒళ్ళో తల పెట్టి భోరుమన్నాడు. జగ్గమ్మ వాడి తల నిమురుతూ కూర్చుంది. నీకే తెలవనప్పుడు నాకెలగ తెలుస్తాది నాయినా అంది. తన తప్పు లేదని చెప్పుకోవడానికి ఆ మాట అనలేదు. తెలియదు కాబట్టి ప్రతిసారీ వెళ్ళాలి అని అంది.

నరేష్ వెళ్ళిపోయాక బావగారు ఒక నిర్ణయానికొచ్చారు. గెడ్డ పొడుగునా ఉన్న పొద నరికేస్తానన్నారు. పొద లేకపోతే పిట్ట ఉండదు, పిట్ట లేకపోతే ఈవిడ దిగదు. ఆయన నోట అంత పెద్ద మాట నేను వినడం అదే మొదలు. జగ్గమ్మకి చెప్పొద్దన్నారు. తెల్లారి గొడ్డలి భుజాన వేసుకుని వెళ్ళారు. నేను వెనకే మజ్జిగ పట్టుకుని వెళ్ళేసరికి, గట్టు మీద గొడ్డలి పక్కన పెట్టి ఊరికే కూర్చుని ఉన్నారు. ఒక్క కొమ్మ కూడా తెగలేదు. ఏమైందని అడిగాను.

"గూట్లో పిల్లలున్నాయమ్మా" అన్నారు.

పొద వేళ్ళ సందులో నాచుతో అల్లిన గూడు చూపించారు. తల్లి పురుగుని ముక్కున కరుచుకుని, మేం ఎప్పుడు పోతామా అని చూస్తోంది. ఆయన గొడ్డలి ఇంట్లో పెట్టేసి గునపం, ఉలి, సుత్తి తెచ్చారు. ఆ రోజు నుంచి వీలున్నప్పుడల్లా ఆ జారుడు బండ మీద మెట్లు కొట్టడం మొదలుపెట్టారు. కాలు ఆనేటంత మేర, ఒకదాని కింద ఒకటి. పక్కన వెదురు గెడలు పాతి, పట్టుకోవడానికి అడ్డంగా ఒక వెదురు కట్టారు. పని అయ్యాక పెళ్ళాన్ని పిలిచి, ఇలగ దిగు అని మాత్రం చెప్పారు. జగ్గమ్మ ఆ వెదురు పట్టుకుని, ఆయన ముఖం చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

నాకు మాత్రం కోపం పోలేదు. వద్దని ఆపాల్సిన మనిషి మెట్లు కొట్టి మరీ పంపిస్తాడా అనుకున్నాను. ఆవిడ దిగిన ప్రతిసారీ వెనక నుంచి గొణుగుతూనే ఉన్నాను. ఒక్కసారి కూడా ఆవిడతో కలిసి దిగలేదు.

ఈ ఏడు జీడి కోత మధ్యలో జగ్గమ్మకి జ్వరం పట్టుకుంది. కీళ్ళన్నీ బిగుసుకుపోయే జ్వరం, ఊళ్ళో సగం మందికి వచ్చింది. ఇంట్లో ఉండమంటే ఉండకుండా తోటలో పాకలోకి వచ్చి నులక మంచం మీద పడుకుంది. నేను రాళ్ళపొయ్యి మీద జావ కాస్తున్నాను. కింద పిట్ట కూసింది.

జగ్గమ్మ లేవబోయింది. మోకాళ్ళు మడత పడలేదు. మంచం పట్టె పట్టుకుని ఒరిగి, కాలు కింద పెట్టి, నొప్పికి పళ్ళు బిగబట్టింది. మళ్ళీ కూసింది. ఆవిడ కళ్ళల్లో బెదురు చూశాను. గెడ్డలో నిజంగా ఎవరో రక్తం కారుతూ ఉన్నట్టే చూస్తోంది. అంత దగ్గరగా ఆ ముఖం నేను అంతకుముందు చూడలేదు. ఎప్పుడూ ఆవిడ వీపు చూసి గొణుక్కోవడమే కదా నా పని.

గరిటె కింద పెట్టేశాను.

"నువ్వు తొంగో అప్పా. నేనెల్తాను."

ఆవిడ నమ్మలేదు. "బండ దాకా దిగుతావా, సగంలోంచి వచ్చీస్తావా?" అంది.

దిగుతానన్నాను. చీర ఎగదోపుకుని, వెదురు పట్టుకుని, బావగారు కొట్టిన మెట్లన్నీ దిగాను. ఆ బండ మీద నిలబడ్డాను. ఈశ్వరిని మోసుకెళ్ళిన రోజు తర్వాత అక్కడ కాలు పెట్టడం అదే. అక్కడి నుంచి చూస్తే పైన మా తోట ఎంత దగ్గరో. మా చెట్టు కొమ్మలు కనిపిస్తున్నాయి. ఎవరైనా మామూలుగా మాట్లాడినా వినబడేంత దగ్గర. ఇంత దగ్గర నుంచి ఆ పిల్ల పిలిచింది. తల్లి జవాబు దానికి వినబడే ఉంటుంది, మూడుసార్లూ.

పిట్ట ఎదురు కొమ్మ మీదే ఉంది. బొటనవేలంత గొంతు ఉబ్బించి నన్ను చూస్తూ కూసింది. దాన్ని తిట్టాలనుకున్నాను. నీ నోరు పడిపోనూ అని అందామనుకున్నాను. ఆ మాట రాలేదు, ఏడుపొచ్చింది. వెదురు పట్టుకుని నిలబడి, దాని ముందరే, సిగ్గు లేకుండా ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుని నాలుగు పక్కలా చూశాను. జగ్గమ్మ ఎలా చూస్తుందో అలాగే, పొద వెనకా, వేళ్ళ సందునా, నీటి అవతలా. ఎవరూ లేరు. పైకి వచ్చాను.

జగ్గమ్మ మంచం మీద తల ఎత్తి గుమ్మం వైపే చూస్తోంది.

"ఏటే?" అని అడిగింది.

నా నాలిక చివరికి ఆ పాడు జవాబే వచ్చింది. పుట్టినప్పటి నుంచి ఆ ప్రశ్నకి ఆ జవాబే చెప్పిన నాలిక కదా. పళ్ళ మధ్య ఆపుకున్నాను.

"పిట్టే అప్పా. కళ్ళారా సూసొచ్చినాను."

ఆవిడ తల దిండు మీద వాల్చింది. పొయ్యి మీద జావ ఇంకా పొంగనే లేదు, అప్పుడే బుడగలు కడుతోంది. ఆ గిన్నె వైపు చూసింది, నా తడిసిన పాదాల వైపు చూసింది.

"ఇంతే కదే పని" అంది. "ఆవేళా ఇంతే పని."

కింద మళ్ళీ కూసింది. జగ్గమ్మ నా వైపు చూసింది. నేను పొయ్యిలో మంట తగ్గించి, మళ్ళీ గెడ్డలోకి దిగాను.